విరిగిన ముందు పన్నును అలాగే వదిలేయకండి

పిల్లలూ! మీ తరగతిలో ఒకసారి చుట్టూ చూడండి. పై వరస ముందు పన్ను మూల విరిగినవారు ఒకరైనా కనిపించవచ్చు. కబడ్డీలో ఎవరి మోకాలో తగిలి వుంటుంది, లేదా బోరింగు పిడి ఎగిరి మూతికి కొట్టి వుంటుంది. అలాంటివారు చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతారు. పాఠం చదవమంటే లేవరు. "నొప్పి లేదు కదా, సోకు కోసం డబ్బెందుకు?" అని ఇంట్లో పెద్దలంటారు. సెల్‌ఫోను అద్దం పగిలితే మాత్రం ఆ వారంలోనే ఆదిలాబాదు వెళ్ళి కొత్తది వేయించుకుని వస్తాం. ఈ లెక్క నాకెన్నడూ అర్థం కాలేదు.

ఇది సోకు సంగతి కాదు. పన్ను పైపొర అయిన ఎనామిల్ మన శరీరంలో అన్నిటికంటే గట్టిది. దాని బరువులో నూటికి 96 వంతులు ఖనిజమే. కాని అందులో జీవకణాలు లేవు. ఎముక విరిగితే అతుక్కుంటుంది. ఎనామిల్ విరిగితే మళ్ళీ పెరగదు. దాని కింది డెంటిన్‌లో అతి సన్నని గొట్టాలు లోపలి మెత్తని గుజ్జు దాకా సాగుతాయి. అది బయటపడితే చన్నీళ్ళకే జివ్వుమంటుంది, సూక్ష్మజీవులకూ దారి దొరుకుతుంది. గుజ్జు చచ్చిపోతే పన్ను బూడిద రంగుకు తిరుగుతుంది, చీమూ పట్టవచ్చు. ముందు పళ్ళు 7, 8 ఏళ్ళకు వచ్చినా వాటి వేళ్ళు పూర్తికావడానికి మరో మూడేళ్ళు పడుతుంది. ఈలోగా గుజ్జు చస్తే వేరు అరకొరగా మిగిలిపోతుంది.

పూర్వం ఇలాంటి పన్నును చుట్టూ అరగదీసి తొడుగు వేసేవారు, లేదా పీకేసేవారు. నునుపైన ఎనామిల్‌ను గట్టిగా పట్టుకునే జిగురు లేకపోవడమే కారణం. 1955లో అమెరికాలోని రోచెస్టర్‌లో మైకేల్ బ్యూనొకోర్ అనే దంత శాస్త్రజ్ఞుడు ఒక ఉపాయం ప్రకటించాడు. లోహాలకు రంగు బాగా పట్టాలని పరిశ్రమల్లో ముందుగా ఫాస్ఫారిక్ ఆమ్లం పూస్తారు. దాన్నే ఆయన పంటి మీద ప్రయోగించి చూశాడు. పాత గోడకు సిమెంటు పూసే ముందు మేస్త్రీ గాట్లు కొట్టడం మీరు చూసే వుంటారు. ఆమ్లం చేసే పనీ అదే. కాకపోతే ఈ గాట్లు మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో కొలవాల్సినంత చిన్నవి. జిగురు వాటిలోకి దిగి గట్టిపడుతుంది, ఇక సులువుగా ఊడదు.

పైన పెట్టే కాంపోజిట్ అనే పదార్థానికి మూలం 1962లో రాఫెల్ బోవెన్ పేటెంటు పొందిన రెజిన్. కాంపోజిట్ కూడా ఒక రకం కాంక్రీటే! రెజిన్ సిమెంటు అనుకుంటే, గాజు, సిలికాల మెత్తని పొడి కంకర. కాంక్రీటు గట్టిపడటానికి నీళ్ళు కావాలి, దీనికి నీలి కాంతి కావాలి. ఆ కాంతి పడగానే రెజిన్ అణువులు ఒకదానితో ఒకటి కలిసి గొలుసులవుతాయి. కాంతి లోతుకు పోలేదు గనుక డాక్టరు రెండేసి మిల్లీమీటర్ల పొరలుగా పెడుతూ, పొర పొరకూ కొన్ని సెకన్లు కాంతి చూపుతారు. పక్క పన్నును చూచి రంగు ఎంచుకుంటారు. గుజ్జు బయటపడి వుంటే ముందు దానికి చికిత్స చేయాలి.

"తొడుగు వేయిస్తే ఒకసారితో పోతుంది కదా!" అనేవారున్నారు. మూల విరిగినంత మాత్రాన మీ వయసులో తొడుగుకు పోవడాన్ని నేను ఒప్పుకోను. చిన్న వయసులో గుజ్జు వుండే గది పెద్దది. అరగదీస్తే దానికి దెబ్బ తగలవచ్చు. కాంపోజిట్‌కూ లోపాలున్నాయి. కొన్నేళ్ళకు అరుగుతుంది, టీ రంగు పడుతుంది, ఆ పన్నుతో చెరకు చీలిస్తే ఊడనూ వచ్చు. కాని ఊడితే మళ్ళీ పెట్టవచ్చు. అరగదీసిన పన్ను మాత్రం తిరిగి రాదు.

ఊడిన పాలపన్నును ఇంటి కప్పు మీదకు విసరడం మన ఊళ్ళలో అలవాటు. శాశ్వత దంతపు ముక్కను అలా విసరకండి. వెతికి, పాలలోనో నీళ్ళలోనో వేసి తీసుకువెళ్ళండి. చాలాసార్లు ఆ ముక్కనే అతికించవచ్చు, రంగు కలుస్తుందా అన్న బెంగే వుండదు! శాశ్వత దంతం వేరుతో సహా ఊడివస్తే మరీ తొందరపడాలి. వేరును ముట్టకూడదు, రుద్దకూడదు. తెల్లని భాగం పట్టుకుని, మట్టి వుంటే చల్లని నీళ్ళతో ఒక్క క్షణం కడిగి, తిరిగి దాని గుంటలో పెట్టి, రుమాలు కొరికి పట్టుకోవాలి. చేతకాకపోతే పాలలో వేయాలి. అరగంటలో డాక్టరును చేరితే ఎంతో మేలు. పాలపన్నైతే తిరిగి పెట్టరాదు. దెబ్బకు స్పృహ తప్పినా, వాంతి అయినా పన్ను సంగతి తరువాత, ముందు ఆసుపత్రి.

బడిలోని ప్రథమ చికిత్స పెట్టెలో దూది, అయొడిన్ వుంటాయి గాని ఈ నాలుగు మాటలు రాసిన కాగితం వుండదు. అది ప్రతి బడిలోనూ వుండాలని నా అభిప్రాయం. దానికి ప్రభుత్వ ఉత్తర్వు రానక్కరలేదు, మీరే రాసి వ్యాయామం మాస్టారి గది తలుపుకు అంటించవచ్చు. హైదరాబాదులో 1959 నుంచి ప్రభుత్వ దంత వైద్య కళాశాల వుంది. అది మనకు సుమారు 300 కిలోమీటర్లు. అంత దూరం బయలుదేరే ముందు ఆదిలాబాదు రిమ్స్‌లో అడగండి. దారిలో ముక్క వేసిన పాల గ్లాసుకు మూత పెట్టడం మరవకండి. మన రోడ్ల గుంతలకు సగం పాలు బస్సులోనే ఒలికిపోతాయి.