గోలీకి భయపడతరు, గడ్డి మందుకు భయపడరా?



మన గ్రూపుల్లో మళ్లీ అదే మెసేజ్ తిరుగుతున్నది. బీపీ గోలీలు, షుగర్ గోలీలు వాడితే లింఫోమా అనే క్యాన్సర్ వస్తదట, వెంటనే ఆపేయాలట. అది నమ్మి మానేసేటోళ్ల కోసమే ఈ పోస్టు. కొంచెం పొడుగున్నా పూర్తిగా చదవండి.

లింఫోమా అంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకానికి వచ్చే క్యాన్సర్. మెడ, చంక, గజ్జల్లో బిళ్లలు కడతయి. మనం రోజూ మింగే బీపీ, షుగర్ గోలీలతో ఇది వస్తుందని తేలలేదు. రిస్కు పెంచుతాయని గట్టిగా తేలిన మందులు వేరే ఉన్నాయి. అజాథియోప్రిన్, సైక్లోస్పోరిన్ లాంటివి. కిడ్నీ మార్చినోళ్లకు ఇస్తరు. ఒంట్లో రోగాన్ని ఎదిరించే శక్తిని అణచడమే వాటి పని, రిస్కు వచ్చేది అక్కడే. ప్రపంచ ఆరోగ్య సంస్థ కింద పనిచేసే క్యాన్సర్ సంస్థ ఐఏఆర్‌సీ ఈ రెండింటినీ క్యాన్సర్ తెచ్చేవాటి లిస్టులో పెట్టింది. అయినా డాక్టర్లు ఎందుకిస్తరు? ఆపితే పెట్టిన కిడ్నీ పాడైతది కాబట్టి. అవి వాడేటోళ్లు కూడా డాక్టర్‌ను అడగకుండా ఆపొద్దు.

బీపీ గోలీ ఆపితే ఏమైతదో మీకు తెలుసు. పక్షవాతం, గుండెపోటు. తేలని భయానికి తేలిన ప్రమాదాన్ని కొని తెచ్చుకునుడు ఏం తెలివి?

ఇప్పుడు అసలు మాట. గోలీని చూసి వణికేటోళ్లు గ్లైఫోసేట్‌ను ఒట్టి చేత్తో కలుపుతున్నరు. నాజిల్ జామ్ అయితే నోటితో ఊదుతున్నరు. ఇదే గ్లైఫోసేట్‌ను ఐఏఆర్‌సీ 2015లో 'క్యాన్సర్ తెచ్చే అవకాశం ఉన్నవి' అనే 2ఏ గ్రూపులో పెట్టింది. మనుషుల్లో వాళ్లు చూపిన జబ్బు లింఫోమానే. అందరూ ఒప్పుకున్నరని నేను అనను. అమెరికా ఈపీఏ ఆ ముప్పు లేదన్నది. మందు కొట్టే 54 వేల మందికి పైగా చూసిన అమెరికా సర్వే 2018లో మొత్తం మీద సంబంధం కనపడలేదన్నది. కానీ 2019లో కొన్ని సర్వేలను కలిపి లెక్కేస్తే, బాగా ఎక్కువ వాడినోళ్లలో రిస్కు 41 శాతం ఎక్కువని వచ్చింది. లింఫోమా అరుదైన జబ్బు, కాబట్టి కొట్టినోళ్లందరికీ వస్తదని కాదు. కానీ పెద్ద సంస్థలే కొట్లాడుకునే మందును పంచె, బనీనుతో కొట్టుడు ఏంది?

కూలీలు దొరకరు, గడ్డి మందు లేకపోతే సాగదు అంటరు. నిజమే, కలుపు కూలీ ఖర్చు నాకూ తెలుసు. కానీ మన దేశంలో గ్లైఫోసేట్‌కు అనుమతి తేయాకు తోటలకు, పంట లేని జాగలకే. పత్తికి లేదు. పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్లే కొట్టాలని 2022 అక్టోబర్‌లో కేంద్రం నోటిఫికేషన్ కూడా ఇచ్చింది. ఏ గడ్డి మందైనా సరే, చేతులకు గ్లౌజులు, నిండు చేతుల చొక్కా, ప్యాంటు, బూట్లు, మూతికి మాస్కు ఉండాలి. గాలికి ఎదురు కొట్టొద్దు. ఆ బట్టలు ఇంట్లోవాళ్ల బట్టలతో కలిపి ఉతకొద్దు. గ్లౌజుల ఖర్చు ఒక పూట కూలీ కూడా కాదు.

ఇంకో మాట. మెడలో బిళ్ల కడితే ఊళ్లో స్టెరాయిడ్ సూది వేయించుకోవద్దు. లింఫోమా అయితే ఆ సూదికి బిళ్ల కొన్నాళ్లు కరుగుతది, తగ్గిందనుకుంటం. మళ్లీ లేచేసరికి జబ్బు ముదురుతది. ముక్క పరీక్షలో కూడా సరిగ్గా తేలకపోవచ్చు. బిళ్ల రెండు మూడు వారాలైనా తగ్గకపోతే, సాయంత్రం జ్వరం, రాత్రి చెమటలు, బరువు తగ్గుడు ఉంటే పెద్దాసుపత్రికి పోయి ముక్క పరీక్ష అడగండి. టీబీకి కూడా ఇవే లక్షణాలు, పరీక్ష లేకుండా ఏదీ అనుకోవద్దు. లింఫోమాల్లో చాలావాటికి మంచి వైద్యం ఉంది, తొందరగా దొరికితే ఇంకా మేలు.

గోలీలు ఆపినోళ్లు రేపే డాక్టర్‌ను కలవండి. ఆ మెసేజ్ పంపినోళ్లకు ఈ పోస్టు పంపండి. కాదనేటోళ్లు కామెంట్‌లో చెప్పండి, మాట్లాడుకుందాం.