సర్దుకోవాల్సింది ఎవరు?

జొన్నరొట్టె చేయాలంటే పిండి పదును తెలియాలి, చేతికి ఒడుపు ఉండాలి, పెనం వేడి మీద ఓ కన్ను ఉండాలి. కాళ్లతో పెద్దగా పనిలేదు. మా కోహీర్ వైపు చిన్నప్పుడే పోలియో వచ్చిన ఆడపిల్లలు పీట మీద కూర్చుని ఇంటిల్లిపాదికీ రొట్టెలు చేస్తారు, జాకెట్లు కుడతారు, అన్న పిల్లలను సాకుతారు. ఆ పనులు చెప్పేటప్పుడు వాళ్ల కాలి సంగతి ఎవరికీ గుర్తు రాదు. డిగ్రీ అయింది, ఉద్యోగానికి పోతానంటే మాత్రం అందరికీ గుర్తొస్తుంది. "నీకెందుకమ్మా ఆ తిప్పలు? పింఛను వస్తుంది కదా, ఇంటి పట్టున ఉండు" అంటారు.

ఆ పింఛను 2023లో మన రాష్ట్రంలో 4,016 రూపాయలైంది. అక్కరకొచ్చే డబ్బే, కాదనను. కానీ పింఛను వేరు, జీతం వేరు. జీతం తెచ్చే పిల్ల మాటకు ఇంట్లో ఎంత విలువ ఉంటుందో, తేని పిల్ల మాటకు ఎంత ఉంటుందో మనకు ఒకరు చెప్పనక్కర్లేదు.

2011 జనగణన ప్రకారం దేశంలో వికలాంగులు 2.68 కోట్ల మంది. వాళ్లలో మగవాళ్లు నూటికి 47 మంది ఏదో ఒక పని చేస్తుంటే, ఆడవాళ్లు 23 మందే. మిగతా ఆడవాళ్లలో చిన్నపిల్లలను, ముసలివాళ్లను తీసేసినా, ఎంతమంది పొద్దున్నుంచి రాత్రి దాకా ఇంటి చాకిరీ చేస్తున్నారో! మన పని లాగే వాళ్ల పనీ లెక్కలోకి రాదు.

2016లో వికలాంగుల హక్కుల చట్టం వచ్చింది. పాత చట్టంలో ఏడు రకాల వైకల్యాలే ఉండేవి, ఇందులో 21 చేశారు. ప్రభుత్వ ఉద్యోగాల్లో రిజర్వేషన్ 3 నుంచి 4 శాతానికి పెంచారు. నాకు అన్నిటికంటే నచ్చింది అందులోని ఒక మాట. ఇంగ్లీషులో 'రీజనబుల్ అకామడేషన్' అన్నారు. తెలుగులో 'సముచితమైన సర్దుబాటు' అనుకోవచ్చు. యజమానికి మోయలేని బరువు కాకుండా, మనిషి పని చేసుకోవడానికి తగ్గట్టు చోటునో, వేళనో, పనిముట్టునో మార్చడం అన్నమాట.

సర్దుకుపో అనే మాట ఆడపిల్లగా పుట్టిన ప్రతి ఒక్కరం విన్నదే. ఇక్కడ మాత్రం చట్టం సర్దుకోమంటున్నది మనిషిని కాదు, పనిచోటును.

ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. అత్తమ్మ మోకాళ్లు అరిగాక మా ఇంట్లో బాత్రూం గోడకు కడ్డీ బిగించాం. ఉప్పు కారాల డబ్బాలు కింది అరలోకి దించాం. వంటింట్లో ఒక కుర్చీ వేశాం. ఆమె ఇప్పటికీ కూరగాయలు కోస్తుంది, పచ్చళ్లు కలుపుతుంది. దాన్ని మా ఇంట్లో ఎవరూ దయ అనుకోలేదు. ఇల్లు నడవాలంటే అలా చేస్తాం, అంతే.

అదే బయట చూడండి. నాకు తెలిసిన ఒకమ్మాయి బీఈడీ చేసింది. ఒక ప్రైవేటు బడికి ఇంటర్వ్యూకి పోతే, "క్లాసులు పై అంతస్తులో ఉన్నాయమ్మా, మీరు ఎక్కలేరు" అని పంపేశారు. పాఠం ఎలా చెబుతుందో చూడనేలేదు. ఒక తరగతి బెంచీలు కిందికి దించడానికి ఒక పూట పని.

"అన్ని పనులూ అందరూ చేయగలరా?" అని కొందరు అడుగుతారు. చేయలేరు. అందుకే మన రాష్ట్రంలోనే జరిగిన ఒక కేసు చెబుతాను. 2014లో ఆర్టీసీలో డ్రైవరుగా చేరిన ఒకతను రంగులు సరిగా గుర్తుపట్టలేడని తర్వాత పరీక్షల్లో తేలింది. వేరే పని ఇవ్వమని అడిగాడు. ఇవ్వలేదు, 2016 జనవరిలో వైద్య కారణాల మీద ఉద్యోగం నుంచి దింపేశారు. కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది. 2025 ఆగస్టు 1న కోర్టు, అతనికి అదే జీతం స్థాయిలో తగిన వేరే ఉద్యోగం ఇవ్వాలని, బకాయి జీతంలో 25 శాతం చెల్లించాలని తీర్పు చెప్పింది. స్టీరింగు మళ్లీ అతని చేతికివ్వమని కోర్టు అనలేదు. చేయగలిగిన పని సంస్థలో ఉందో లేదో వెతకకుండా ఇంటికి పంపడం తప్పు అన్నది. ఆ మాట వినడానికి ఒక కుటుంబం తొమ్మిదేళ్లకు పైగా ఎదురుచూసింది.

బొల్లా శ్రీకాంత్ కథ మీలో చాలామందికి తెలిసే ఉంటుంది, 2024లో సినిమా కూడా వచ్చింది. పుట్టుకతోనే చూపు లేని ఆయన ఇంటర్‌లో సైన్స్ చదవడానికి కోర్టుకెక్కాల్సి వచ్చింది. అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి, హైదరాబాద్‌లో కంపెనీ పెట్టి ఎందరో వికలాంగులకు పని ఇచ్చారు. చప్పట్లు కొట్టాల్సిందే. కానీ ఎంఐటీకి పోయినవాళ్లకే గౌరవమా? సెకండ్ క్లాసులో పాసై, కంప్యూటర్ టైపింగ్ నేర్చుకుని, నెల జీతం తెచ్చుకుందామనుకునే మామూలు పిల్లకూ అంతే హక్కుంది. మామూలుగా ఉద్యోగం చేసే వీలు మిగతావాళ్లకు ఉన్నట్టే ఆమెకూ ఉండాలి.

ప్రభుత్వం 'వికలాంగులు' అనే మాట మార్చి 'దివ్యాంగులు' అంటోంది. బీఏ తెలుగు చదివినదాన్ని, మాటల మీద నాకూ మమకారమే. అయితే మాట మారినంత తేలికగా మెట్టు మారలేదు. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు బస్సులో టికెట్టు లేదు. కోహీర్ నుంచి జహీరాబాద్‌కు ఊరికే పోవచ్చు. కాలిపర్స్ వేసుకున్న పిల్ల ఆ ఎత్తు మెట్టు ఎక్కగలిగితే!

చట్టాలు, కోర్టులు వాటి పని చేస్తాయి. మన చేతిలో ఉన్నది కూడా కొంత ఉంది. మీ ఇంట్లోనో, పక్కింట్లోనో అలాంటి ఆడపిల్ల ఉంటే, వైకల్య సర్టిఫికెట్టు పింఛను కోసమే కాదు, ఉద్యోగ దరఖాస్తుకూ పనికొస్తుందని చెప్పండి. మీ భర్తకో, తమ్ముడికో దుకాణం, బడి, ఆఫీసు ఉంటే ఈసారి మనుషులను తీసుకునేటప్పుడు ఆమె పేరు ఎత్తండి. ఇక ఆమె ఉద్యోగానికి బయలుదేరితే "ఎలా పోతావు?" అనకండి. "ఏం మారిస్తే నీకు వీలవుతుంది?" అని అడగండి. ఆమె చెప్పేది చాలాసార్లు ఒక కుర్చీ అంత, ఒక కడ్డీ అంతే ఉంటుంది.