పునర్జన్మ ఉండగా పిశాచమెందుకు?

ఫిల్మ్‌నగర్‌లో ఘోస్టులకు కొదవ లేదు. తెర మీద పేరు పడకుండా సీన్లు రాసిపెట్టే రచయితలను అక్కడ పిలిచేది ఆ పేరుతోనే. కొదవల్లా ఇంకో రకం దయ్యానికి. వందల ఏళ్లుగా ముసలితనం రాకుండా తిరుగుతూ, నెత్తురు తాగి బతుకుతూ, అదే నోటితో ప్రేమిస్తున్నానని చెప్పే దయ్యం తెలుగు కథలో కనబడదు.

ఇంగ్లిష్ నవలల్లో దానిది పెద్ద బజారు. చెల్సియా క్విన్ యార్‌బ్రో 1978లో ‘హోటల్ ట్రాన్సిల్వేనియా’ రాసింది. కథ జరిగేది 1743లో, పదిహేనో లూయీ ఏలుతున్న ఫ్రాన్సులో. నాయకుడు సెయింట్ జెర్మేన్ మర్యాదస్తుడైన ప్రభువు, రక్తపిపాసి కూడా. అతన్ని వెంటబెట్టుకుని ఆమె ఇరవైకి పైగా నవలలు రాసింది: నీరో కాలపు రోము, మెడిచీల ఫ్లారెన్సు, చెంఘిజ్ ఖాన్ దండెత్తిన చైనా. చావులేని మనిషి దొరికితే చరిత్ర నవలాకారుడికి అంతకన్నా కావలసిందేముంది? అన్నీ కళ్లారా చూసిన సాక్షి, పైగా ప్రేమికుడు!

మనం దాని దగ్గరికి వచ్చిన ఏడాది 2009. జనవరిలో కోడి రామకృష్ణ ‘అరుంధతి’, జూలైలో రాజమౌళి ‘మగధీర’. మొదటిదానిలో గద్వాల సంస్థానం, సమాధిలో తరాల తరబడి కాచుకుని కూచున్న పశుపతి, అతనికి కథానాయిక జేజమ్మ మీద చావని మోహం. సరుకంతా ఉంది. కానీ పశుపతిది ప్రేమ కాదు, అతనిలో జాలిపడదగ్గ అణువు కూడా సినిమా ఉంచలేదు. జేజమ్మ ప్రాణమిచ్చి, తన ఎముకలనే ఆయుధంగా మార్పించి, మళ్లీ పుట్టి వాణ్ణి అంతం చేస్తుంది. ‘బొమ్మాళీ’ అన్న పశుపతి పిలుపు ఊరూరా పిల్లల నోళ్లలో నానింది. చిత్రీకరణ జరిగిన బనగానపల్లె నవాబు బంగళాను జనం ఇప్పటికీ అరుంధతి బంగళా అంటారు. ఆ దయ్యాన్ని ప్రేమించవచ్చన్న ఊహ మాత్రం ఎవరికీ రాలేదు.

‘మగధీర’ అసలు సంగతి చెబుతుంది. 1609లో ఉదయగఢ్‌లో చచ్చిపోయిన జంట నాలుగు వందల ఏళ్లకు హైదరాబాదులో మళ్లీ కలుస్తారు; వేళ్లు తాకగానే అతనికి పాత జన్మ మెదులుతుంది. 1964 నాటి ‘మూగమనసులు’ నుంచి ఇదే దారి. మన ప్రేమ శతాబ్దాలు దాటాలంటే మళ్లీ పుడుతుంది. కొత్త ఒళ్లు, కొత్త అమ్మానాన్నలు, చేతికి అంటిన నెత్తురేమీ లేదు. రక్తపిపాసికి ఆ సుఖం లేదు. అతను బతకాలంటే ఎవరో ఒకరు చావాలి. అలాంటివాణ్ణి ఒక ఆడపిల్ల తెలిసి తెలిసి ప్రేమిస్తే? ఈ చిక్కు ప్రశ్నను పునర్జన్మ మన రచయితలకు తప్పించింది. చరిత్రనూ చిన్నది చేసింది: ఆ ఇంగ్లిష్ నవలల్లో అది మనిషి మోసే బరువు, ఇక్కడ ఇంటర్వెల్ దగ్గర పడే ఫ్లాష్‌బ్యాక్.

నవలల వైపు చూస్తే, ఆంధ్రభూమి వారపత్రికలో ‘తులసిదళం’తో యండమూరి రాష్ట్రమంతటికీ నిద్ర పట్టకుండా చేశారు గానీ ఆ క్షుద్రశక్తి గురి ఒక పసిపిల్ల మీద. అందులో ప్రేమ ఊసు లేదు.

ఆ చిక్కు ప్రశ్నను నిజంగా ముట్టుకున్నవాడు అడివి బాపిరాజు (1895–1952). ఆయన శాతవాహన నవల ‘హిమబిందు’లో పసితనం నుంచి విషం పెట్టి పెంచిన విషబాల ఉంది. యువరాజు శ్రీకృష్ణ సాతవాహనుణ్ణి చంపడానికే ఆమెను తయారుచేశారు. ఆమె అతన్నే ప్రేమిస్తుంది. ముద్దు పెడితే ప్రాణం పోతుంది, పెట్టకుంటే మనసు ఊరుకోదు. తెలుగులో చరిత్ర నేపథ్యంగా ఇంత ప్రమాదకరమైన ప్రేమకథ మరొకటి లేదనిపిస్తుంది. అయితే బాపిరాజు మనసు మెత్తనిది. ఆమె ఒంటి విషానికి విరుగుడు దొరికేదాకా ఆయన ఊరుకోలేదు. పెళ్లి పందిరి దగ్గరికి వచ్చేసరికి భయం తీరిపోయింది.

జూబ్లీహిల్స్ ఆఫీసుల్లో కథా చర్చలు నడుస్తుండగానే ఇరుగుపొరుగు ముందుకెళ్లారు. 2025లో మలయాళం నుంచి ‘కొత్త లోక’ వచ్చింది. కల్లియంకాట్టు నీలి అనే కేరళ యక్షిణిగా, నెత్తురు తాగే నాయికగా కళ్యాణి ప్రియదర్శన్ నటించింది. తెలుగులో దాన్ని విడుదల చేసింది మన సితార సంస్థే. అదే ఏడాది దీపావళికి హిందీ ‘థామా’లో రష్మిక బేతాళ జాతి పిల్ల అయింది. బేతాళుడు మనకు కొత్తవాడా? చందమామ పుణ్యమా అని తరాల పాటు విక్రమార్కుడి భుజం మీద నెలనెలా ఇంటికొచ్చినవాడు. మనం అతనికి ప్రశ్నలడగడం నేర్పాం గానీ ప్రేమించే అవకాశం ఇవ్వలేదు.

గద్వాల, వనపర్తి, బొబ్బిలి, వెంకటగిరి: కోటలకు లోటు లేదు. కోటల ఖర్చుకు నిర్మాతలు జంకుతారేమో, నవలకు ఆ ఖర్చూ ఉండదు. కాబట్టి ఇలాంటి కథ ముందు నవలగా రావాలి. ఏ సంస్థానంలోనో మూడు తరాల రాజులను చూసిన ఒక మృత్యుహీనుడి ప్రేమకథ ఎవరి దగ్గరైనా ఉంటే ఈ పత్రికకు పంపండి, సీరియల్‌గా వేయడానికి పేజీలున్నాయి. షరతు ఒకటే: చివరి భాగంలో విరుగుడు మందు ఉండకూడదు.