బిల్లు ఒకరికి, బోనస్ ఒకరికి

2016 సెప్టెంబరు 1న కువైట్ ప్రభుత్వం పెట్రోలు ధర పెంచింది. ఖరీదైన రకంపై పెంపు 80 శాతం దాటింది. ముడిచమురు ధర పడిపోయి బడ్జెట్ లోటులో పడింది. సబ్సిడీలు తగ్గించమని ఐఎంఎఫ్ ఎప్పటినుంచో పోరుతోంది. పౌరులు మండిపడ్డారు. నెలకు 75 లీటర్లు ఉచితమని సర్కారు దిగివచ్చినా కోపం చల్లారలేదు. అక్టోబరులో పార్లమెంటు రద్దయింది. నవంబరు ఎన్నికల్లో 50 సీట్లలో దాదాపు సగం ప్రతిపక్షం, దాని మిత్రుల పరమయ్యాయి.

విద్యుత్ సంస్కరణలూ, 2000 ఆగస్టు బషీర్‌బాగ్ కాల్పులూ, 2004లో ఉచిత కరెంటు హామీతో మారిన ప్రభుత్వమూ చూసిన తెలుగువాళ్లకు ఇదంతా తెలిసిన కథే. కువైట్ చేతిలో మాత్రం అప్పటి ముఖ్యమంత్రి చంద్రబాబుకు లేని వెసులుబాటు ఒకటుంది: ఓటు లేని జనం.

2016 ఏప్రిల్‌లోనే కరెంటు చార్జీల చట్టం చేస్తూ పార్లమెంటు పౌరుల సొంతిళ్లను వదిలేసింది. యూనిట్‌కు 2 ఫిల్స్ (ఫిల్స్ అంటే దినారులో వెయ్యోవంతు) అన్న 1966 నాటి ధర వాళ్లకు అలాగే ఉంది. భారం అద్దె అపార్ట్‌మెంట్లకు మళ్లింది. వాటిలో ఉండేది ఎక్కువగా వలసదారులు, అంటే జనాభాలో మూడింట రెండొంతుల మంది. మరుసటి ఏడాది వాళ్లకే ఆసుపత్రి ఫీజులూ పెరిగాయి. 2018లో తెరిచిన భారీ జాబెర్ ఆసుపత్రి పౌరులకు. వలసదారుల వైద్యానికి ప్రైవేటు భాగస్వామితో ‘ధమాన్’ అనే కంపెనీ పెట్టి, అందులో సగం వాటా పౌరులకు కేటాయించారు. రాయచోటి నుంచి వెళ్లిన డ్రైవర్ పేరిట కట్టే బీమా సొమ్ముపై లాభం వస్తే, అందులో అతని యజమానికీ భాగం ఉండొచ్చన్నమాట. మార్కెట్ సూత్రాన్ని ఇంత నేర్పుగా వాడుకున్న సర్కార్లు అరుదు.

ప్రైవేటీకరణ మొత్తం ఇదే పద్ధతిలో సాగింది. 2019లో స్టాక్ ఎక్స్చేంజిని అమ్మినప్పుడు సగం షేర్లు పౌరులకు, ఒక్కోటి 100 ఫిల్స్‌కే ఇచ్చారు. చిలీలో పినోషే పింఛన్లను ప్రైవేటు ఫండ్లకు అప్పగించింది సైనిక పాలనలో. ఇక్కడ పౌరుణ్ణి వాటాదారుగా మార్చి ఒప్పించారు.

వలస కార్మికుల అదుపు కూడా ఒకరకంగా ప్రైవేటుదే. అకామా (నివాస అనుమతి) కఫీల్ (స్పాన్సర్ యజమాని) చేతిలో ఉంటుంది. అతను ‘పారిపోయింది’ అని ఫిర్యాదు చేస్తే ఖద్దామా (ఇంటి పనిమనిషి) నేరస్తురాలవుతుంది. ఇంటిపనివాళ్లకు వారానికో సెలవు 2015 చట్టంతో, 60 దినార్ల కనీస వేతనం 2016లో వచ్చాయి. కానీ నాలుగు గోడల మధ్య తనిఖీ ఎవరు చేస్తారు? కోనసీమ, కడప ఆడవాళ్లు చెప్పేవన్నీ ఆ గోడల కథలే. మన సర్కార్లూ తక్కువ తినలేదు: తెలంగాణ టామ్‌కామ్, ఆంధ్ర ఓమ్‌క్యాప్ అనే ప్రభుత్వ సంస్థల పేరుతో తామే రిక్రూటింగ్ ఏజెన్సీలయ్యాయి. దళారుల మోసాలకు అది కొంత విరుగుడే, అయినా ఊళ్లో ఉపాధి చూపించే బాధ్యత మాత్రం పక్కకు జరిగింది.

2024 మే 10న అమీర్ షేక్ మిషాల్ పార్లమెంటును రద్దు చేసి, నాలుగేళ్ల వరకు దాని ఊసు లేకుండా చేశారు. పెట్రోలు ధరపై సర్కారును శిక్షించిన ఓటు ఇప్పుడు పౌరుడి చేతిలోనూ లేదు. 2025 జనవరి నుంచి పెద్ద బహుళజాతి సంస్థలపై 15 శాతం పన్ను మొదలైంది. పౌరుడి జీతం జోలికి ఇంకా ఎవరూ వెళ్లలేదు.