కీబోర్డు పాతబడలేదు, మనకే ఓపిక పోయింది



గత ఆదివారం ఆరాధన ముగిశాక సంఘ పెద్దల మధ్య వచ్చిన మాట ఈపాటికి మీలో చాలామందికి చేరే ఉంటుంది. మందిరంలోని పాత కీబోర్డును వచ్చినకాడికి అమ్మేసి, ఇకమీదట పెన్‌డ్రైవ్‌లో ట్రాకులు వేసుకుని పాడుకుందామని కొందరి ఆలోచన. నలుగురిలో గట్టిగా మాట్లాడితే బాగుండదని అక్కడ ఊరుకున్నాము. ఇక్కడ ఊరుకోము.

వారు చెప్పిన కారణం ఒక్కటే. "దీనికి యూఎస్‌బీ లేదండీ, కంప్యూటరుకు కలవదు." ఒక్కరైనా వంగి దాని వెనుక చూశారా? అక్కడ అయిదు రంధ్రాల గుండ్రటి సాకెట్ ఉంది, దాని మీద మిడి అవుట్ అని రాసి ఉంది. 1983లో అమెరికాలో జరిగిన వాయిద్యాల ప్రదర్శనలో, ఒక అమెరికా కంపెనీ కీబోర్డునూ దానికి పోటీదారైన జపాను రోలాండ్ కంపెనీ కీబోర్డునూ ఈ సాకెట్‌తోనే కలిపి చూపించారు. దీని వెనుక ముఖ్యులు డేవ్ స్మిత్, ఇకుతారో కకెహాషి. పోటీదారులై ఉండి కూడా, వాడుకునేవారి దగ్గర రుసుము అడగకుండా ఆ పద్ధతిని అందరికీ ఇచ్చేశారు. నేటి కంప్యూటర్లకు కూడా ఆ భాష అర్థమవుతుంది. కాలం చెల్లిందని తీర్పు చెప్పేముందు ఇంతమాత్రం తెలుసుకోవద్దా?

ఆ తీగలో పాట వెళ్ళదు. ఏ మెట్టు నొక్కారు, ఎంత బలంగా నొక్కారు, ఎప్పుడు వదిలారు, ఈ కబురే అంకెలుగా వెళుతుంది. సెకనుకు 31,250 బిట్ల వేగం. ఒక్కో కబురు సెకనులో వెయ్యోవంతు కాలంలో చేరిపోతుంది.

తీగను మేమే చేశాము. పట్నంలో ఉద్యోగం చేసే సహోదరుడొకరు సంఘానికిచ్చిన పాత కంప్యూటరులో సౌండ్ కార్డు ఉంది, దానికి జాయ్‌స్టిక్ పెట్టే 15 పిన్నుల సాకెట్ ఉంది. కీబోర్డు నుంచి వచ్చే సంకేతాన్ని అందులో 15వ పిన్నుకు చేర్చాలి. అయితే నేరుగా కాదు. మధ్యలో 6ఎన్138 అనే ఆప్టోకప్లర్ ఉండాలి. దాని లోపల చిన్న దీపం ఉంటుంది, ఎదురుగా ఆ వెలుగును చూసే కన్ను ఉంటుంది. కీబోర్డు కరెంటు దీపం దగ్గరే ఆగిపోతుంది, వెలుగు మాత్రమే అవతలికి దాటుతుంది. అందుకే కంప్యూటరులోని గుయ్యిమనే హోరు మన స్పీకర్లలోకి రాదు. దీనితోపాటు 220 ఓముల రెసిస్టరు ఒకటి, అవుట్‌పుట్‌కు 5 వోల్టుల నుంచి ఇంకో రెసిస్టరు, దీపాన్ని కాపాడే 1ఎన్4148 డయోడు ఒకటి, అయిదు పిన్నుల ప్లగ్గు. హైదరాబాదు కోఠిలోని గుజరాతీ గల్లీకి వెళ్ళిన తమ్ముడొకడు అన్నీ తెచ్చిపెట్టాడు. రెండు వందల రూపాయలు కూడా కాలేదు.

మొదటిరోజు ఏమీ పలకలేదు. ఆ ప్లగ్గులో పిన్నుల అంకెలు వరుసగా ఉండవు. 1, 4, 2, 5, 3 అని ఉంటాయి. పైగా టంకం వేసే వైపు నుంచి చూస్తే అద్దంలో చూసినట్టు తిరగబడతాయి. 4, 5 పిన్నులను తారుమారు చేశాము. డయోడు ఉండబట్టి దీపం బతికింది. చెయ్యి కాలింది మాకు.

"ఆన్‌లైనులో కొన్ని వందలకే రెడీమేడు దొరుకుతుంది కదా, ఈ తంటా ఎందుకు?" అంటారు. మేమూ కొన్నాము! రెండు చేతులతో వాయిస్తే సగం స్వరాలు మింగేసింది. మెట్టు వదిలిన కబురు దారిలో పోయి, ప్రార్థన సాగుతుండగా ఒకే స్వరం ఆగకుండా మోగింది. ఆ రోజు మీరంతా ఉన్నారు, నవ్వారు కూడా. తరువాత విప్పి చూస్తే లోపల ఆప్టోకప్లరే లేదు. మంచివి కూడా దొరుకుతాయి, కాదనము. కానీ లోపల ఏముండాలో తెలియనివాడు మంచిదేదో ఎలా ఎంచుకుంటాడు?

"పాస్టరుగారికి టంకం పనేమిటి?" అన్నవారూ ఉన్నారు. పౌలు డేరాలు కుట్టాడు. ఇంతకన్నా జవాబు అక్కరలేదు.

ఇక ట్రాకుల సంగతి. ట్రాకు ఎవరికోసమూ ఆగదు. మన సంఘంలో స్త్రీలు ఎక్కువ, పొలం పనికి వెళ్ళి వచ్చిన గొంతులు. ఆ శృతి వారికి అందక రెండవ చరణానికే పెదవులు కదపడం మానేస్తున్నారు. వేదిక మీద నిలబడి చూస్తున్నాము కనుక చెబుతున్నాము. మన పెద్దమ్మగారు వాయించినప్పుడు అలా కాదు. ఊపిరి చాలనిచోట ఆమె ఆగుతారు, అందరూ అందుకున్నాక కదులుతారు. ఆ ఆగడం ఏ పుస్తకంలోనూ రాసి లేదు. కీళ్ళవాతంతో ఆమె వేళ్ళు ఏటేటా ఇంకాస్త బిగుసుకుపోతున్నాయి.

అందుకే ఈ తీగ. ఇప్పటికి ఆమె వాయించిన పదకొండు పాటలు కంప్యూటరులో చేరాయి. ఒక్కో పాట మీ ఫోనులోని ఫోటో కన్నా చిన్న ఫైలు. వేగం మార్చకుండా శృతి రెండు మెట్లు దించవచ్చు. నేర్చుకునే పిల్లల కోసం ఎడమచేతిని విడిగా, నిదానంగా వినిపించవచ్చు. ట్రాకులతో ఇలా చేసి చూడండి! ఇద్దరు ఆడపిల్లలు ఇలాగే మూడు పాటలు నేర్చుకున్నారు. వారిలో ఒకతె మొన్న ఉపవాస ప్రార్థనలో వాయించింది, రెండుచోట్ల తప్పింది, ఎవరూ పాడడం ఆపలేదు.

లాప్‌టాప్‌లో ఆ 15 పిన్నుల సాకెట్ ఉండదు. అటువంటివారు ఆర్డుయినో లియొనార్డో బోర్డు పెట్టుకోండి, అదే ఆప్టోకప్లర్ దానికీ పనికొస్తుంది. కావలసిన తమ్ముళ్ళు వస్తే దగ్గర కూర్చోబెట్టుకుని చేయిస్తాము.

పెద్దమ్మగారికి వచ్చిన పాటలు ఇంకా నలభైకి పైగా ఉన్నాయి. ప్రతి శనివారం సాయంత్రం, కరెంటు ఉంటే, మందిరంలో ఆమె కూర్చుంటున్నారు. అమ్మేద్దామన్న సహోదరులను ఈ శనివారం రమ్మని పిలుస్తున్నాము. కొనేవాడికి కబురు పంపడం అప్పటిదాకా ఆపండి.