ఇల్లు అమ్మే ముందు

"ఎలాగూ అమ్మేసే ఇల్లే కదా, దాని మీద మళ్ళీ ఖర్చెందుకు?" అని చాలామంది అంటారు. 2018లో తెనాలిలోని మా అత్తగారి ఇల్లు అమ్మకానికి పెట్టినప్పుడు మేమూ అలాగే అనుకున్నాము. చూడవచ్చిన మొదటి ఇద్దరూ వసారాలోనే నిలబడి, "మళ్ళీ కబురు చేస్తామండీ" అని వెళ్ళిపోయారు. ముప్పై ఏళ్ళు కాపురమున్న ఇంటి లోపాలు మన కళ్ళకు కనబడవని అప్పుడు తెలుసుకున్నాము.

మొదటి పనికి డబ్బు అక్కరలేదు. అటక మీది పాత సామాను, విరిగిన కుర్చీలు, ఖాళీ డబ్బాలు తీసివేయండి. సామాను తగ్గితే గది పెద్దదిగా కనబడుతుంది. కిటికీకి అడ్డంగా ఉన్న బీరువాను పక్కకు జరిపితే వెలుతురు వస్తుంది. బూజు దులిపి, ఫ్యాను రెక్కలు, కిటికీ ఊచలు తుడవండి.

తరువాత చిన్న మరమ్మతులు. కారుతున్న కుళాయికి చాలాసార్లు వాషరు మారిస్తే సరిపోతుంది. సెకనుకు ఒక చుక్క చొప్పున కారినా రోజుకు 86,400 చుక్కలవుతాయి. ఆ చప్పుడు విన్నవారికి ఇల్లు మొత్తం మీదే అనుమానం వస్తుంది. కిర్రుమనే తలుపు బందులకు నూనె వేయండి. పట్టేసే తలుపును వడ్రంగి చేత చిత్రిక పట్టించండి. పగిలిన స్విచ్చులు మార్పించండి. స్నానాలగది టైల్స్ సందులలో తెల్ల సిమెంటు నింపండి. ఒక హెచ్చరిక: కడిగేటప్పుడు బ్లీచింగ్ పౌడరునూ యాసిడ్‌నూ ఎప్పుడూ కలపవద్దు. ప్రమాదకరమైన క్లోరిన్ వాయువు వెలువడుతుంది.

గోడలకు లేత రంగు మంచిది. పెచ్చులు గీకించి, పగుళ్ళకు పుట్టీ పెట్టించి, ఆరిన తరువాత ప్రైమరు, దానిపైన రంగు వేయించండి. తొందరపడి పాత పెచ్చుల మీదే వేయిస్తే అవి రంగుతో సహా ఊడివస్తాయి.

మాకు అసలు చిక్కు ఇక్కడే వచ్చింది. వెనుక గదిలో, స్నానాలగది వైపు గోడకు చెమ్మ ఉంది. ఉప్పు పొంగి, సున్నం రాలుతోంది. "రెండు కోటింగులు వేసేస్తానమ్మగారూ, వానాకాలం దాకా ఎవరికీ తెలియదు" అన్నాడు రంగుల మేస్త్రి. నిజం చెప్పాలంటే, మేము సరేనన్నాము కూడా. బేరం తప్పిపోతుందేమోనని భయం.

ఆ మాట విన్న మా అత్తగారు, "ఆ గదిలో రేపు ఎవరి పిల్లలో పడుకుంటారే అమ్మాయ్" అన్నారు. ఇంకేమీ అనలేదు. మేము మేస్త్రిని ఆ గోడ వదిలేయమన్నాము.

ప్లంబరును పిలిపిస్తే గోడలోని పైపు కారుతున్నదని తేలింది. పైపు మార్పించాము గానీ గోడ పూర్తిగా ఆరడానికి వ్యవధి లేకపోయింది. తడి గోడ మీద వేసిన రంగు బొబ్బలెక్కి ఊడిపోతుంది. అందుచేత తరువాత చూడవచ్చిన దంపతులకు ఆ గోడను ఉన్నదున్నట్టు చూపించి, పైపు మార్చిన సంగతి చెప్పాము. గీకించి రంగు వేయించడానికయ్యే ఖర్చు తగ్గించమన్నారు. తగ్గించాము. ఇల్లు వారే కొన్నారు.

చట్టం కూడా ఈ మాటే చెబుతుంది. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపం తనకు తెలిసి ఉంటే అమ్మేవారు దానిని చెప్పాలి.

చివరిగా కాగితాలు. దస్తావేజు, లింకు దస్తావేజులు, ఈసీ, ఇంటిపన్ను రసీదులు, కరెంటు బిల్లులు ఒకే ఫైలులో సిద్ధంగా ఉంచుకోండి. వారసులు ఎక్కువమంది ఉంటే, బేరానికి ముందే అందరూ కూర్చుని మాట్లాడుకోండి. రంగులన్నీ వేయించిన తరువాత సంతకం దగ్గర ఆగిపోయిన ఇళ్ళు మేము చూశాము.

తాళాలు ఇచ్చిన రోజున మా అత్తగారు ఆ కొత్త ఇల్లాలికి పైపు ఎక్కడ మార్చారో వేలితో చూపించి, ప్లంబరు ఫోను నంబరు రాసిన చీటీ ఇచ్చి వచ్చారు.