ఉద్యోగ ధర్మం – ఉద్వేగ ప్రజ్ఞ

విశ్వవిద్యాలయం అనగానే ఆచార్యులు, గ్రంథాలయాలు, ప్రయోగశాలలు మన మనసులో మెదులుతాయి. కాని విద్యార్థి అక్కడ మొదట కలిసేది ఆచార్యుణ్ణి కాదు. దరఖాస్తు అందుకునే గుమాస్తాను. ప్రవేశాలు, పరీక్షలు, ఉపకార వేతనాలు, వసతిగృహం – ఈ విభాగాల ఉద్యోగుల పనితీరును బట్టే ఆ విద్యాసంస్థ మీద విద్యార్థికి నమ్మకం కలుగుతుంది, లేదా సడలుతుంది.

తన ఉద్వేగాలను తాను గుర్తించడం, ఎదుటివారి మనఃస్థితిని గ్రహించడం, ఆ గ్రహింపును ఆలోచనలోనూ ఆచరణలోనూ వినియోగించడం ‘ఉద్వేగ ప్రజ్ఞ’ అనిపించుకుంటుంది. 1990లో పీటర్ సాలొవే, జాన్ మేయర్ దీనికి శాస్త్రీయ నిర్వచనం ఇచ్చారు. 1995లో డేనియల్ గోల్‌మన్ రచించిన గ్రంథం దీనిని సామాన్య పాఠకులకు చేర్చింది. ఈ ప్రజ్ఞ ఉంటే ఏ ఉద్యోగంలోనైనా విజయం తథ్యమన్న ప్రచారం మాత్రం అతిశయోక్తి. అనేక పరిశోధనలను క్రోడీకరించి డానా జోసెఫ్, డేనియల్ న్యూమన్ 2010లో ఒక విశ్లేషణ ప్రకటించారు. నిత్యం మనుషులతో మెలగుతూ తమ ఉద్వేగాలను అదుపులో ఉంచుకోవలసిన ఉద్యోగాలలో ఈ ప్రజ్ఞ పనితీరుకు తోడ్పడుతుందని, అటువంటి అవసరం లేని ఉద్యోగాలలో ఆ మేలు కనిపించదని అందులో తేలింది. విద్యార్థులతో వ్యవహరించే కార్యాలయ ఉద్యోగం నిస్సందేహంగా మొదటి కోవకు చెందినదే.

నెల్లూరు తీరాన్నే తీసుకుందాం. 2008లో ఏర్పడిన విక్రమ సింహపురి విశ్వవిద్యాలయం వెంకటాచలం మండలం కాకుటూరులో ఉంది. మైపాడు, కృష్ణపట్నం, జువ్వలదిన్నె వంటి తీర గ్రామాలలో చేపల వేటే ఆధారమైన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. ఏటా ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు 61 రోజులు సముద్రంలో వేట నిషేధం అమలులో ఉంటుంది. పడవలు ఒడ్డున ఉంటే ఇంటికి రాబడి ఉండదు. రుసుము చెల్లించవలసిన గడువు ఆ రోజుల్లోనే వస్తే, ఇంటిల్లిపాదిలో తొలిసారిగా ఉన్నత విద్యకు వచ్చిన విద్యార్థిని ఎంత బెదురుతో కార్యాలయం మెట్లు ఎక్కుతుందో ఊహించవచ్చు. “గడువు దాటింది, వెళ్ళు” అని ఒక ఉద్యోగి అనవచ్చు. అర్జీ ఎవరికి పెట్టుకోవాలో, ఏ పత్రం జతచేయాలో మరొక ఉద్యోగి ఓపికగా చెప్పవచ్చు. రెండవ ఉద్యోగి నియమాన్ని ఉల్లంఘించలేదు. ఆ విద్యార్థిని చదువు ఆగిపోకుండా చూశాడు. నా దృష్టిలో పనితీరుకు ఇదే గీటురాయి.

అయితే ఈ భారమంతా ఉద్యోగి మీదనే మోపడం న్యాయం కాదు. చిరునవ్వును కూడా జీతానికి అమ్ముకోవలసి వచ్చే స్థితిని ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే ‘ఉద్వేగ శ్రమ’గా వివరించింది. వందల దరఖాస్తులను ఒక్కడే పరిశీలించవలసి వచ్చినచోట, పై అధికారి అందరి ఎదుట కసురుకునేచోట సహనాన్ని ఉపదేశించి ప్రయోజనం లేదు. తగినంత సిబ్బంది, స్పష్టమైన సూచనలు, అధికారుల గౌరవప్రదమైన ప్రవర్తన ముందు కావాలి. ఆ తరువాతనే శిక్షణ ఫలిస్తుంది. ప్రశ్నావళులతో ఈ ప్రజ్ఞకు మార్కులు వేసి పదోన్నతులకు ముడిపెట్టడం కూడా తగదు. తన గురించి తాను మంచిగా రాసుకోవడం ఎవరికైనా సులభమే.

పాలనాదక్షత, మానవ స్వభావ పరిజ్ఞానం పరస్పర విరుద్ధాలు కావు. 13వ శతాబ్దంలో ఇదే సింహపురిలో మనుమసిద్ధికి మంత్రిగా ఉండి, మహాభారత పాత్రల అంతరంగాలను తెలుగులో ఆవిష్కరించిన తిక్కన ఇందుకు నిదర్శనం. నేటి విద్యార్థులే రేపటి ఉద్యోగులు. దరఖాస్తు అందుకునే స్థానంలో మీరు కూర్చున్న రోజున, అది ఇచ్చిన చేతి వణుకును కూడా గమనించండి.